నడిసంద్రం మీద ఒక ఇంజిన్ ఆగితే

సంపాదకులకు,

ఇంజిన్‌లో లోపం వచ్చి విమానం వెనక్కి మళ్లిందంటే చాలు, 'గాల్లో ప్రాణాలు', 'తృటిలో తప్పిన పెను ముప్పు' అని శీర్షిక పడుతోంది. విశాఖ నుంచి సింగపూర్ దాదాపు 2,900 కిలోమీటర్లు, దారిలో ఎక్కువ భాగం నీళ్లే. పిల్లల దగ్గరికి వెళ్లే పెద్దవాళ్లు ఈ శీర్షికలు చదివి బెంబేలెత్తుతున్నారు. వాళ్ల భయం తప్పని మేం అనం. కాకపోతే భయపడాల్సిన చోటు వేరే ఉంది.

ఇంజిన్ చెడిన మరపడవ ఉన్నచోటే తేలుతుంది. రెండింజిన్ల విమానం అలా కాదు, ఒకదానితోనే గంటల తరబడి ఎగరగలదు. 35 వేల అడుగుల ఎత్తులో మాత్రం నిలబడలేదు. రెండో ఇంజిన్‌ను నిరంతరాయంగా వాడదగ్గ గరిష్ఠ శక్తిలో పెట్టి, బరువును బట్టి 20-25 వేల అడుగుల దాకా నెమ్మదిగా దిగుతారు. దీన్నే డ్రిఫ్ట్‌డౌన్ అంటారు. సముద్రం మీద అదే దారిలో, కింది అంతస్తుల్లో వేరే విమానాలు వస్తుంటాయి. కంట్రోలర్ అనుమతి వెంటనే దొరక్కపోతే పైలట్ కనీసం 30 డిగ్రీలు తిరిగి, దారికి 5 నాటికల్ మైళ్లు, అంటే 9 కిలోమీటర్ల పైచిలుకు, పక్కకు జరిగి అప్పుడు దిగుతాడు. చుట్టుపక్కల విమానాలకు 121.5 మెగాహెర్ట్జ్ అత్యవసర రేడియో మీద చెబుతాడు. విమానం పక్కకు ఒరిగిందని ప్రయాణికులు చెప్పేది చాలాసార్లు ఈ మలుపు గురించే.

అసలు ప్రమాదం తొందరపాటులో ఉంది. 1989లో ఇంగ్లండ్‌లోని కెగ్‌వర్త్ దగ్గర బోయింగ్ 737 ఎడమ ఇంజిన్‌లో ఫ్యాన్ బ్లేడు విరిగితే కుడి ఇంజిన్ ఆపేశారు, 47 మంది పోయారు. 2015లో తైపీలోనూ ఇదే తప్పు జరిగి 43 మంది చనిపోయారు. అందుకే ఒక పైలట్ ఇంజిన్ శక్తిని పెంచే, తగ్గించే లీవర్ మీద చెయ్యి వేసి ఆగుతాడు. రెండోవాడు కళ్లతో చూసి 'కన్ఫర్మ్' అన్నాకే కదుపుతాడు. పైగా ప్రతి లోపానికీ ఇంజిన్ ఆపెయ్యరు. ఢాం ఢామ్మని పేలినట్టు చప్పుడొస్తే అది లోపలి గాలి ప్రవాహం తడబడటం, ఆ శబ్దం ఆగేదాకా లీవర్ వెనక్కి తీస్తారు. ఆయిల్ మట్టం తగ్గినా ప్రెషర్ నిలకడగా ఉంటే కనిపెట్టుకుని ఉంటారు. ప్రెషర్ ఎర్రగీత కిందికి పోతేనే ఆపుతారు. మంటలైతే వేరు: ఇంధనం కట్టేసి, ఫైర్ బటన్ నొక్కి, ఎయిర్‌బస్‌లో 10 సెకన్లు ఆగి మంట ఆర్పే మందున్న మొదటి సీసా వదులుతారు. ఆ పది సెకన్లలో ఇంజిన్ వేగం తగ్గుతుంది, లోపల గాలి తగ్గి మందు కొట్టుకుపోకుండా నిలుస్తుంది. 30 సెకన్ల తర్వాత కూడా మంట హెచ్చరిక దీపం ఆరకపోతే రెండో సీసా.

ఇంధనం కారడం ఇంతకంటే మోసకారి. 2001 ఆగస్టు 24న టొరంటో నుంచి లిస్బన్ వెళ్తున్న ఎయిర్ ట్రాన్సాట్ ఏ330లో కుడి ఇంజిన్ ఆయిల్ మామూలుకంటే చల్లగా, ప్రెషర్ ఎక్కువగా కనబడింది. ఆయిల్‌ను చల్లబరిచేది ఇంధనమే. గొట్టం చిట్లి ఇంధనం ధారగా పోతుండటంతో ఆయిల్ అతిగా చల్లబడి చిక్కబడింది. కొలత తప్పు చూపిస్తోందేమో అనుకున్నారు. తర్వాత రెండు రెక్కల ట్యాంకులకు తేడా వచ్చిందని, ఒక వైపు ఇంధనం రెండో వైపుకు పంపే క్రాస్‌ఫీడ్ వాల్వు తెరిచారు. మంచి ట్యాంకు కూడా ఆ చిల్లులోంచే పోయింది. రెండు ఇంజిన్లూ ఆగి, 306 మందితో 19 నిమిషాలు గ్లైడరులా జారుకుంటూ అజోర్స్ దీవుల్లోని లాజెస్‌లో దిగింది. అందరూ బతికారు. క్రాస్‌ఫీడ్ ముట్టుకునే ముందు చెయ్యాల్సింది కూడిక, తీసివేతే. బయల్దేరినప్పుడు 20,000 కిలోలు, ఇంజిన్లు తాగింది 8,000. ట్యాంకుల్లో 12,000 ఉండాలి. 10,500 చూపిస్తే 1,500 కిలోలు ఎక్కడో కారినట్టే.

ఎటు పోవాలన్నది బయల్దేరకముందే తేలుతుంది. విశాఖ నుంచి పోర్ట్‌బ్లెయిర్ (ఇప్పటి శ్రీ విజయపురం) సూటిగా 1,225 కిలోమీటర్లు, సగం 612. ఒక ఇంజిన్ మీద గంటకు 700 కిలోమీటర్లు, వెనుక నుంచి 100 కిలోమీటర్ల గాలి అనుకోండి. ముందుకు 800, వెనక్కి 600. అప్పుడు రెండు వైపులా సమానంగా 52 నిమిషాలు పట్టే చోటు విశాఖకు 525 కిలోమీటర్ల దగ్గరే వస్తుంది. అది దాటాక వెనక్కి తిరగడమే తప్పు. ఒక ఇంజిన్ మీద రన్‌వే గంటకు మించి దూరమయ్యే దారులకు రెండింజిన్ల విమానాలకు ప్రత్యేక అనుమతి కావాలి. అది 1985లో 120 నిమిషాలకు, 1988లో 180కి పెరిగింది. ఇప్పుడు ఎయిర్‌బస్ ఏ350కి 370 నిమిషాల దాకా ఉంది.

ఆ అనుమతి ఊరికే రాదు. 1983 మే 5న మయామీ నుంచి బయల్దేరిన మూడింజిన్ల ఈస్టర్న్ ఎయిర్‌లైన్స్ విమానంలో మూడింటికీ ఒకే పొరపాటు చేశారు: ఆయిల్‌లో లోహపు రజనును పట్టే చిప్ డిటెక్టర్లకు రబ్బరు రింగులు వెయ్యలేదు. సముద్రం మీద మూడింట్లోనూ ఆయిల్ కారిపోయింది. ముందే ఆపేసిన ఇంజిన్‌ను మళ్లీ రాజేసి ఒడ్డుకు చేరారు. ఒకే మెకానిక్ ఒకే పూట రెండు ఇంజిన్లలో ఒకే పని చెయ్యకూడదన్న జాగ్రత్త ఇలాంటి వాటికోసమే.

మీ విలేకరులకు ఒక మనవి. ఇంజిన్‌ను పైలట్ ఆపాడా, దానంతటదే ఆగిందా, లేక శక్తి మాత్రం తగ్గించాడా అన్నది వార్తలో రాయండి. సంస్థ ప్రకటనలో ఆ ముక్క లేకపోతే ఫోన్ చేసి అడగండి.

- విమాన నిర్వహణ ఇంజినీర్లు,
ఎన్ఏడీ కొత్తరోడ్డు, విశాఖపట్నం