22.4తో గుణించే ముందు

సంపాదకులకు,

'ఇంత లోహం కరిగితే ఎన్ని లీటర్ల వాయువు వస్తుంది?' అన్న లెక్కను టెన్త్ పిల్లలు మోల్స్ (పదార్థంలోని కణాల సంఖ్యను లెక్కించే ప్రమాణం) కట్టి, ఒక మోల్ వాయువు ఆక్రమించే లీటర్ల సంఖ్య 22.4తో గుణించి వదిలేస్తున్నారు. మధ్యలో ఒక మెట్టు జారిపోతోంది.

5.4 గ్రాముల అల్యూమినియం సరిపడా హైడ్రోక్లోరికామ్లంలో పూర్తిగా కరిగిందనుకుందాం. 5.4ను అల్యూమినియం పరమాణు భారం 27తో భాగిస్తే 0.2 మోల్. ఇక్కడే 22.4 పెట్టేస్తే 4.48 లీటర్లు వస్తుంది, తప్పు. ఆ 0.2 అల్యూమినియానిది, మనకు కావలసింది హైడ్రోజన్. తుల్య సమీకరణంలో 2 అల్యూమినియం పరమాణువులకు 3 హైడ్రోజన్ అణువులు. 0.2ను 3/2తో హెచ్చవేస్తే 0.3 మోల్, అంటే 6.72 లీటర్లు.

ఆ 22.4 కూడా 0 డిగ్రీల సెల్సియస్, 1 అట్మాస్ఫియర్ వద్దే చెల్లుతుంది. రసాయన శాస్త్ర ప్రమాణాలు నిర్ణయించే అంతర్జాతీయ సంస్థ ఐయుపిఎసి 1982లో ప్రమాణ పీడనాన్ని 1 బార్‌గా (అట్మాస్ఫియర్ కన్నా కాస్త తక్కువ) మార్చాక ఆ విలువ 22.7 అయింది, అలా చూస్తే జవాబు 6.81. ఏది వాడాలో ప్రశ్నపత్రంలోనే ముద్రించాలి. లేకపోతే రెండు జవాబులకూ మార్కులు వేయాల్సిందే. ఇక ల్యాబ్‌లో 27 డిగ్రీలుంటే 6.72ను 300/273తో (రెండు ఉష్ణోగ్రతలూ కెల్విన్‌లలో) గుణించాలి, 7.38 లీటర్లు. నీటి మీద పట్టిన వాయువైతే మొత్తం పీడనంలోంచి నీటి ఆవిరి వాటా, సుమారు 27 మిల్లీమీటర్ల పాదరసం, ముందే తీసేయాలి.

మీథేన్ మండితే 'ఎస్టీపీ (ప్రమాణ ఉష్ణోగ్రత, పీడనం) వద్ద ఎన్ని లీటర్ల నీటి ఆవిరి?' అని అడగడం మరీ విడ్డూరం. సున్నా డిగ్రీల దగ్గర అంత నీరు ఆవిరిగా ఎక్కడుంటుంది?

– ఒక రసాయన శాస్త్ర ఉపాధ్యాయుడు