జీతం లేని నలభై మూడు రోజుల గురించి అమెరికా చట్టసభ కాంగ్రెస్‌లోని మా ప్రతినిధికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన ప్రతినిధి గారికి, నమస్కారం.

మీ కార్యాలయానికి మూడు ఉత్తరాలు రాశాను. జవాబు రాలేదు. అందుకే ఈ లేఖను నలుగురి ముందు పెడుతున్నాను.

బడ్జెట్ బిల్లులు ఆమోదం పొందక, నిధులు లేక 2025 అక్టోబర్ 1న స్తంభించిన అమెరికా ఫెడరల్ (కేంద్ర) ప్రభుత్వం 43 రోజులకు గానీ కదల్లేదు. 2018–19లో 35 రోజులు ఆగినప్పుడే ఇంతకంటే ఘోరం ఉండదనుకున్నాం. నిధుల బిల్లు ముందుకు సాగడానికి సెనేట్‌లో (ఎగువ సభలో) కావలసిన 60 ఓట్లు కూడలేదు, ఆరోగ్య బీమా రాయితీలపై రెండు పార్టీల్లో ఎవరి పట్టూ సడలలేదు. మధ్యలో నలిగింది మాలాంటి ఇళ్లు. నా భార్య విమానాశ్రయ భద్రతా తనిఖీలో పనిచేస్తుంది. తెల్లవారుజామున మూడున్నరకే లేచి, పెరుగన్నం డబ్బా సర్దుకుని, జీతం రాని డ్యూటీకి వెళ్లేది. కారులో పెట్రోలు కోసం మా అబ్బాయి డిబ్బీ పగలగొట్టి చిల్లర లెక్కపెట్టిన రోజు ఆమె ముఖంలోకి చూడలేకపోయాను.

2019 చట్టం ప్రకారం ఆగిన జీతం తర్వాత వస్తుంది, నిజమే. ఇంటి అప్పు వాయిదా అప్పటిదాకా ఆగదు కదా! కాంగ్రెస్ సభ్యుల జీతాలకు మాత్రం చట్టరీత్యా ఏ ఆటంకమూ లేదు.

గడువులోగా బడ్జెట్ బిల్లులు ఆమోదం పొందకపోతే పాత స్థాయిలోనే నిధులు వాటంతటవే కొనసాగేలా చట్టం తేవాలి. అందుకు మీరు ఓటు వేస్తారో లేదో 30 రోజుల్లోగా లిఖితపూర్వకంగా తెలియజేయవలసిందిగా కోరుతున్నాను.

ఇట్లు,
మీ నియోజకవర్గ ఓటరు