చాడీలు చెప్పే ఇంటర్‌ప్రెటర్

ఒరేయ్ శీనూ,

ఫోన్‌లో చెబితే సగంలోనే నవ్వేస్తావని రాస్తున్నాను. నా పైథాన్ బిల్లింగ్ స్క్రిప్టు ఏ ఎర్రరూ చూపించకుండా మొత్తం తక్కువ వేస్తోందన్నాను కదా. మూడు రాత్రులు పట్టింది. ఎప్పుడో తొందరలో, ఎర్రర్‌ని పట్టుకునే ఎక్సెప్ట్ కింద, ఏమీ చెయ్యొద్దని చెప్పే పాస్ రాసి వదిలేశాను. వెతికిన పేరు (కీ) పట్టికలో లేదనే కీఎర్రర్ వచ్చినప్పుడల్లా అది గుటుక్కున మింగేస్తోంది. రాసింది నేనే, ఎవర్ని తిట్టను?

తప్పులు వెతికే డీబగ్గర్ పెట్టానురా, పెట్టకేం! కానీ ఎడిటర్‌లో అన్‌కాట్ ఎక్సెప్షన్స్ (ఎవరూ పట్టుకోని ఎర్రర్లు) దగ్గర మాత్రమే టిక్కు ఉంది. మింగేసిన ఎర్రర్‌కి అదెందుకు ఆగుతుంది? ఎర్రర్ పుట్టగానే ఆగే రెయిజ్డ్ అన్న టిక్కు పక్కనే ఉంది, చూసుకోలేదు.

అప్పుడు కుతూహలం పుట్టి లోపల చూశాను. డీబగ్గర్ ప్రోగ్రాం వెంటపడి కాపలా కాస్తుందనుకునేవాణ్ణి. కాదు, ప్రోగ్రాంని నడిపే ఇంటర్‌ప్రెటరే దానికి చాడీలు చెబుతుంది. సిస్ మాడ్యూల్‌లోని సెట్‌ట్రేస్‌కి మన ఫంక్షన్ ఒకటి ఇస్తే కాల్, లైన్, రిటర్న్, ఎక్సెప్షన్, ఏది జరిగినా దాన్ని పిలుస్తుంది. పైథాన్‌తోనే వచ్చే పీడీబీ అనే డీబగ్గర్ కూడా చాలాకాలం దీనిమీదే నడిచింది. నేనూ పది లైన్లలో ఒకటి రాశాను. ఆ ఫంక్షన్ తిరిగి తననో, అలాంటి మరో ఫంక్షన్‌నో రిటర్న్ చెయ్యాలి, లేకపోతే ఆ కాల్ లోపలి సంగతులు చెప్పదు. అది మర్చిపోయి గంట తగలేశాను.

తమాషా ఏంటంటే, ఒకే ఎర్రర్ నాలుగుసార్లు ప్రింటయింది. ఎక్సెప్షన్ ఒక్కో ఫ్రేమ్ (నడుస్తున్న ఒక్కో ఫంక్షన్ పిలుపు) దాటి పైకి వెళ్తుంటే, ప్రతి ఫ్రేమ్‌లోనూ మళ్లీ కబురొస్తుంది. పట్టుకోకుండా వదిలేసిన ఫ్రేమ్ నుంచి రిటర్న్ కబురు కూడా వస్తుంది, విలువ నన్ (ఏమీ లేదు) అని. ఫంక్షన్ మామూలుగా నన్ ఇచ్చినా అచ్చం అలాగే ఉంటుంది! పైగా ఎర్రర్ పుట్టిన క్షణంలో, పైన ఎవరైనా దాన్ని పట్టుకుంటారో లేదో ఆ కబురులో ఉండదు. ఆ రెండు టిక్కులు వేరుగా ఎందుకున్నాయో అప్పుడర్థమైంది.

ప్రతి లైనుకీ పిలుపే కాబట్టి స్క్రిప్టు ఎడ్లబండిలా నడిచింది. 2023లో వచ్చిన పైథాన్ 3.12లో సిస్ డాట్ మానిటరింగ్ పెట్టారు. కావలసిన కబుర్లే అడగొచ్చు. ఎక్సెప్షన్‌ని ఎవరైనా పట్టుకున్నా విడిగా చెబుతుంది. నాకు కావలసింది సరిగ్గా అదే, కానీ మా సర్వర్లో ఇంకా పాత వెర్షనే.

ఇంతకీ ఆ కీ ఏంటనుకున్నావ్? కొన్ని సరుకుల కోడ్ చివర ఒక స్పేస్. రేట్ల డిక్షనరీలో దొరక్క ఆ వరుసలన్నీ ఎగిరిపోయాయి.

నువ్వు పంపిన స్క్రిప్టులోనూ రెండు పాస్‌లు చూశాను. ఆదివారం రా, నీ పని చెబుతాను.

నీ
రాజు