బలిపీఠానికే 'బలి నిషేధం' ఫ్లెక్సీ!

సంపాదకులకు నమస్కారం.

పది రోజుల కిందట మీ జిల్లా పేజీలో జాతరల మీద వచ్చిన వార్తలో 'బలి అంటే సంస్కృతంలో చంపడం' అని తేల్చిపారేశారు. ఆ రోజే రాద్దామనుకుని పెళ్లి పనుల్లో పడి ఊరుకున్నాను. మొన్న శనివారం గుడికి వెళ్తే, ధ్వజస్తంభం పక్కన బలిపీఠానికే 'భలి నిషేధం' అని ఫ్లెక్సీ కట్టి ఉంది. 'బ'కి ఒత్తు ఉచితం! ఇక ఉండబట్టలేకపోయాను.

ఆ పీఠం మీద మా అర్చకుడు రోజూ పెట్టేది గుప్పెడు అన్నం. ఇప్పుడాయన ఫ్లెక్సీని ఒక చేత్తో పైకెత్తి, రెండో చేత్తో మెతుకులు పెట్టి, అటూ ఇటూ చూసుకుంటూ లోపలికి పోతున్నారు. దొంగసరుకు దాచినట్టు!

ఆ అన్నమే బలి. సంస్కృత నిఘంటువు అమరకోశం ఈ మాటకి చెప్పిన అర్థాలు కరం, ఉపహారం. అంటే పన్ను, కానుక. కాకికి 'బలిభుక్కు', అంటే బలి తినేది, అనే పేరు కూడా అందులోనే ఉంది. మేకపోతుల్ని తిని తెచ్చుకున్న పేరు కాదు కదా! మా నాయనమ్మ తను తినే ముందు గోడ మీద పెట్టే ముద్ద కోసం వచ్చే కాకి అది.

పన్ను అనే అర్థం నాకు మరీ ఇష్టం, 30 ఏళ్లు బిల్ కలెక్టరుగా చేశాను కాబట్టి. మన కళింగం మీదికి దండెత్తిన అశోకుడే, పట్టాభిషేకమైన 20వ ఏట లుంబినికి వెళ్లి, బుద్ధుడు పుట్టిన ఊరని దానికి 'బలి' రద్దు చేశాడు, పంటలో ఎనిమిదో వంతు చాలన్నాడు. ఆ మాట అక్కడి స్తంభం మీద ఉంది. అదే అశోకుడు యాగాల్లో జీవాల్ని చంపొద్దని వేయించిన శాసనం మన పొరుగు గంజాం జిల్లా జౌగడలో ఉంది. అందులో 'బలి' అన్న మాటే లేదు.

జంతువుల్ని ఇవ్వడం లేదని నేననను. పశుబలి, నరబలి అని ముందు ఒక మాట తగిలించాల్సి వచ్చిందంటేనే ఉత్త బలి వేరని తెలియడం లేదా? 1950 నాటి చట్టం ఆపమన్నదీ జంతువుల్ని, పక్షుల్ని కోయడాన్నే. అన్నం ముద్దని కాదు. అయినా మా ఊళ్లో జాతర నుంచి వచ్చినవాళ్లు 'మొక్కు తీర్చేం, కోడిని కోసేం' అంటారు. బలి అనేది మీరూ, ఆఫీసువాళ్లే.

గిడుగు వారు పుట్టిన జిల్లాలో ఫ్లెక్సీకి ముందు ఒక్కసారి చదివి చూసేవాళ్లే లేరా? అడిగితే 'పైనుంచి వచ్చిన మేటర్ సార్' అన్నారు. పైన ఎవరున్నారో, ఆ దేవుడికే తెలియాలి.

మీ హెడ్డింగుల సంగతి కూడా చెప్పాలి. 'రోడ్డు మీద గోతికి ఇద్దరు బలి.' బలికి ఇచ్చేవాడు ఒకడు, పుచ్చుకునేవాడు ఒకడు ఉండాలి. గొయ్యి దేవతా? ఇచ్చిందెవరు? ఆ రోడ్డు బిల్లు పాస్ చేసిన పెద్దమనుషులా? అలాగైతే ఆ సంగతే రాయండి, 'బలి' అని రాసి తప్పుకోకండి.

ఆ ఫ్లెక్సీని గేటు దగ్గరికి మార్చి, 'జంతువధ నిషేధం' అని రాయిస్తే చాలు. ఒత్తు ఖర్చు మిగులుతుంది.

– రిటైర్డ్ బిల్ కలెక్టర్, శ్రీకాకుళం