బంగారికి ఈకలు రాలడం ఒక్కటే కాదు

చిన్నీ,

వీడియో కాల్‌లో మన కోడి బంగారిని చూసి ఏడ్చేసావు, ఫోన్‌లో సరిగ్గా చెప్పలేకపోయా, అందుకే కూర్చుని టైప్ చేస్తున్నా, మొత్తం చదువు. ముందు ఒకటి, అది ఇప్పుడు మేత తింటోంది, కంగారు పడకు.

ఈకలు రాలడం రోగం కాదు, నువ్వన్నది నిజమే. మన వైజాగ్‌లో జూన్‌లో పగలు 13 గంటల పైనే ఉంటుంది, డిసెంబర్‌కి 11 గంటలకి వచ్చేస్తుంది, అలా వెలుగు తగ్గుతుంటే కోడికి గుడ్లు ఆగి పాత ఈకలు రాలడం మొదలవుతుంది. ముందు తల, మెడ, తర్వాత ఒళ్ళు, చివరికి రెక్కలు, తోక, మొత్తానికి రెండు మూడు నెలలు పడుతుంది. తురాయి పాలిపోయి చిన్నదైపోతుంది, ఎత్తుకుంటే గింజుకుంటుంది ఎందుకంటే కొత్తగా వచ్చే ఈక కాడలో రక్తం ఉంటుంది, ముట్టుకుంటే నొప్పి. ఇవన్నీ బంగారికి ఉన్నాయి కాబట్టి అందరూ సీజన్ అండీ వదిలేయండి అన్నారు. నాకు మాత్రం మనసొప్పలేదు.

ఎందుకంటే ఈకలు మార్చుకునే కోడి డల్‌గా ఉన్నా మేత వేస్తే వస్తుంది, ఇది చూసి ఊరుకునేది. పొద్దున్నే మెడ కింద మేత సంచి పట్టి చూసా, ఖాళీగానే ఉంది, అంటే రాత్రి తిన్నది అరిగింది, అక్కడ అడ్డమేం లేదు. రెట్ట ఆకుపచ్చగా లేదు, ముక్కు కారట్లేదు, నోరు తెరిచి ఊపిరి తియ్యట్లేదు, మెడ వంకర పోలేదు, కొక్కెర తెగులేమో (కోళ్ళకి వచ్చే అంటురోగం) అని నా భయమంతా, ఆ లక్షణాలేవీ కనపడక కొంచెం ధైర్యం వచ్చింది. కానీ రొమ్ము ఎముక కత్తి అంచులా చేతికి తగిలింది, అంత చిక్కిపోయింది.

అసలు సంగతి సాయంత్రం బయటపడింది. చీకటి పడుతుంటే గూట్లోకి పోకుండా జామచెట్టెక్కి కూర్చుంది, రోజూ అన్నిటికన్నా ముందు దూరేది అదే కదా. ఈకలు రాలితే కోడి గూటికి భయపడదే! రాత్రి టార్చి వేసుకుని, అవి కూర్చునే కర్ర కింది వైపు తెల్లగుడ్డతో తుడిచా, గుడ్డ నిండా ఎర్రటి మరకలు. రక్తం తాగే పురుగులు తల్లీ, ఆవగింజ కన్నా చిన్నవి, తాగకముందు బూడిద రంగు, తాగాక ఎరుపు. పగలు చెక్క సందుల్లో దాక్కుంటాయి కాబట్టి ఎంత వెతికినా కోడి మీద కనపడవు. ఒంట్లో ఉన్న బలమంతా కొత్త ఈకలకి పోతుంటే మిగిలిన రక్తం ఇవి తాగేస్తున్నాయి. తురాయి పాలిపోయింది గుడ్లు ఆగినందుకే అనుకున్నాం, రక్తం తగ్గినా అలాగే పాలిపోతుంది.

పశువుల డాక్టర్ గారు గూటికి కొట్టే మందిచ్చారు. సందుల్లో మరిగే నీళ్ళు పోసి, ఎండబెట్టి కొట్టాం, వారానికి మళ్ళీ కొట్టాలి, మనూరి వేడికి ఆ పురుగుల గుడ్లు పెద్ద పురుగులవడానికి వారం చాలట. రక్తం దొరక్కపోయినా అవి నెలల తరబడి బతుకుతాయి కాబట్టి గూడు ఊరికే ఖాళీగా ఉంచితే లాభం లేదు. అందాకా కోళ్ళన్నీ వరండాలో గంపల కిందే.

మేత కూడా మార్చా. నూకల్లో ప్రోటీన్ 7, 8 శాతమే, ఈకేమో 85 శాతం పైగా ప్రోటీనే, ఈ టైంలో మేతలో 18 నుంచి 20 శాతం ఉండాలి. అందుకని కోడిపిల్లల మేత తెచ్చా, గుడ్ల కోళ్ళ మేతలో ఉండే అంత కాల్షియం గుడ్డు పెట్టనప్పుడు అక్కర్లేదు. పైన ఉడికించిన గుడ్డు కొంచెం, హార్బర్ దగ్గర కొన్న ఎండు మెత్తళ్ళు ఉప్పు పోయేదాకా నానబెట్టి. మీ నాన్న వేరుశనగ చెక్క పెడదామన్నారు గానీ ఈ తుఫాన్ల ముసురుకి చెక్క బూజు పడితే కోడి లివర్‌కి విషం, నేనే వద్దన్నా.

బంగారికి స్వెటర్ ఆర్డర్ పెడతానన్నావు, వద్దమ్మా, కొత్త ఈకల మీద రాసుకుని నొప్పెడుతుంది, మనూళ్ళో అంత చలేముంది. గుడ్లు సంక్రాంతి దాటి పగలు పెరిగాక చూద్దాం. తమ్ముడు స్కూల్ నుంచి రాగానే దాన్ని ఎత్తుకుంటున్నాడు, నా మాట వినట్లేదు, నువ్వొకసారి ఫోన్ చేసి చెప్పు.

అమ్మ