లిటరేచర్ రివ్యూ: శనివారం కలుద్దాం

అందరికీ నమస్కారం.

లిటరేచర్ రివ్యూ, అంటే మన టాపిక్‌ల మీద ఇప్పటిదాకా వచ్చిన పరిశోధనల సమీక్ష, కోసం ఈ శనివారం ఉదయం 10 గంటలకు నాగార్జున యూనివర్సిటీ లైబ్రరీ దగ్గర కలుస్తున్నాం. విజయవాడ వాళ్లు గుంటూరు బస్సెక్కి యూనివర్సిటీ గేటు దగ్గర దిగండి.

ఒక్కొక్కరు కనీసం పది పేపర్లు చదివి, ప్రతి పేపరుకూ ఎక్సెల్‌లో ఒక వరుస నింపుకుని రావాలి. రచయిత, సంవత్సరం, పద్ధతి, శాంపిల్, ఏం తేలింది, ఏం తేలలేదు. ఆ చివరి గడి దయచేసి ఖాళీగా వదలొద్దు, మన రీసెర్చ్ గ్యాప్ (ఇంకా ఎవరూ తేల్చని విషయం) దొరికేది అక్కడే.

"ఫలానావారు 2015లో ఇలా అన్నారు, ఇంకొకరు 2018లో అలా అన్నారు" అని పేరాకొకరిని పేర్చుకుంటూ పోతే గైడ్ తిప్పి పంపుతారు. అంశాల వారీగా రాయండి. ఇద్దరి ఫలితాలు ఎందుకు వేరుగా వచ్చాయో చెప్పండి, రివ్యూకి ప్రాణం అదే.

పాత థీసిస్‌లు శోధ్‌గంగ అనే వెబ్‌సైట్‌లో ఉచితంగా ఉన్నాయి. మీ టాపిక్ మీద ఎవరైనా చేశారేమో ముందు చూసుకోండి. రిఫరెన్సులు ఇప్పటినుంచే జొటేరో అనే రిఫరెన్స్ సాఫ్ట్‌వేర్‌లో పెట్టుకుంటే చివర్లో టెన్షన్ ఉండదు.

గుర్తుంచుకోండి, యూజీసీ 2018 నిబంధనల ప్రకారం సిమిలారిటీ (ఇతరుల రాతతో మన రాతకున్న పోలిక) 10 శాతం దాటితే ఇబ్బందే.

వచ్చేవాళ్లు గురువారం రాత్రిలోగా పేరు, టాపిక్ ఇక్కడ పెట్టండి. ల్యాప్‌టాప్, ఛార్జర్ మర్చిపోవద్దు.