మీ ఫోటోల గోడ వేరు, మా హాల్ గోడ వేరు

ఎడిటర్ గారికి నమస్కారం,

మొన్న ఆదివారం మీ పేపర్ల వామ్ బీజ్ రంగు గోడల గురించి రాసిండ్రు గదా, ఫోటో మాత్రం మస్తుంది. కానీ అది చదివేటప్పటికే మా హాల్‌కు అసొంటి రంగే ఏపిచ్చుకొని నెల దాటింది, అందుకే ఈ నాలుగు ముక్కలు.

మాది హన్మకొండ. దసరాకు రంగులు ఏపిద్దామని నేను, మా ఆయన షాపుకు పోతే షేడ్ కార్డుల ఆ రంగు పాలెక్కువ పోసిన చాయ లెక్క కనబడ్డది, ఇదే అని చెప్పేసినం. షాపాయన మిషన్ల తెల్ల బేస్‌లకు నాలుగైదు చుక్కల రంగు ఇడిసి, డబ్బ ఊపి ఇచ్చిండు. పెయింటరన్న లప్పం పెట్టి, రుద్ది, ప్రైమర్ కొట్టి రెండు కోట్లు ఏసిండు. పనిల ఏం వంక లేదు.

ఎండిపోయినంక చూస్తే పగలేమో గులాబీ, రాత్రి ట్యూబ్‌లైట్ ఏస్తే బూడిద! అత్తమ్మ నడుమింట్ల నిలబడి "ఏందే, గోడకు పౌడర్ అద్దిచ్చిండ్రా" అన్నది. రంగు తప్పిచ్చిండని మా ఆయన షాపాయన మీద లేశిండు గానీ తప్పు ఆయనది కాదు. మాది పాత ఇల్లు, కింద ఎర్ర గచ్చు, దాని మీద పడ్డ ఎండ గోడకు కొట్టి ఆ ఎరుపంత ఎక్కుతుంది. పెయింటరన్న చెప్పిండు, బీజ్ అంటే ఒక్క రంగు కాదమ్మా, తెలుపుల పసుపు, ఎరుపు, నలుపు కొంచెం కొంచెం కలుపుతరు, ఎరుపెక్కువైతే గులాబీకి పోతది, పసుపు నలుపు ఎక్కువైతే పచ్చకు తిరుగుతదని. మాకు ఎరుపు దిక్కుకుపోయేది పడ్డది.

రాత్రి సంగతి లైటుతోని. ఎల్‌ఈడీ డబ్బ మీద 6500 అని ఉంటే తెల్లగ, నీలం కొట్టే వెలుగు, 3000 అని ఉంటే పసుపు వెలుగు. హాల్ల రెండు లైట్లు 3000వి మార్చినం, గోడ మళ్ల చాయ రంగుకొచ్చింది. డబ్బ రంగు కంటే చవుకల అయిపోయింది!

మీ ఫోటోల పెద్ద పెద్ద కిటికీలు, చెక్క ఫ్లోరు. మా దిక్కు మే నెలల పొద్దుగాల తొమ్మిదింటికే కిటికీలు మూసి పరదాలు ఏసుకుంటం, గోడకు ఎండ ఎక్కడిది? మా అమ్మమ్మోళ్లది పరకాల దిక్కు మట్టి గోడల ఇల్లు, ఎర్రమట్టితోని అలికి కింద జాజు పట్టె గీసేది, బీజ్ అన్న పేరు ఆమెకు తెల్వది గానీ రాత్రి కందిలి ముంగట ఆ గోడ ఎంత నిండుగ ఉండేదో, కందిలి వెలుగే పసుపు కాబట్టి.

ఇంకోటి మీరు రాయలే. మ్యాట్ రంగు అయితే లప్పం ఎత్తుపల్లాలు కనబడయి, చూడ సొగసుగుంటది, కానీ అత్తమ్మ దివాన్ మీద కూసోని తల ఆనిచ్చే కాడ కొబ్బరినూనె మరక పదిహేను దినాలల్లనే పడ్డది, ఇంత పెద్దగ, గుండ్రంగ. తుడిస్తే ఇంకింత పాకింది. స్విచ్‌బోర్డు పక్కన పిల్లల చేతులు సరేసరి. గోడలు ముట్టుకునే ఇండ్లల్ల కొద్దిగ మెరుపున్న, కడుక్కునే రంగే నయం.

ఈసారి ఇసొంటి పేజీ ఏసేటప్పుడు ఆ ఫోటో పగలు తీసిందా రాత్రి తీసిందా, ఏ లైటు, కింద ఏ బండ అని ఒక లైన్ రాయుండ్రి. షేడ్ కార్డు మీద చిన్న ముక్క చూసి డబ్బ కొనకుండ, అట్ట ముక్కకు రెండు కోట్లు ఏసి అన్ని అర్రలల్ల తిప్పి చూడుమని కూడ చెప్పుండ్రి.

మాకు బెడ్‌రూమ్ ఇంక మిగిలే ఉంది. తలుపెనుక మూడు షేడ్లు మూరెడు మూరెడు పూసి పెట్టినం. మూడూ ఒక్కటే అంటడు మా ఆయన.

ఇట్లు,
ఒక పాఠకురాలు, హన్మకొండ